కాందిశీకుడైన ఈతవీరుడు – ఆల్ఫ్రెడ్ నకాషు జీవితము

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున, సంచికకొక ప్రసిద్ధపురుషుని జీవితమును వ్రాసి యిమ్మని కార్యనిర్వాహకసంఘమువారు నన్ను కోరిరి. నేను పండితుడను కాను. గ్రామపు లెక్కలు వ్రాసికొని బ్రతుకువాడను. చదివిన నాలుగు పురాణములును సాయంకాలములందు ఈ గ్రంథాలయపు బల్లమీద చదివినవే. రాజుల చరిత్రలును, దేశనాయకుల చరిత్రలును నాకంటె చక్కగా వ్రాయగలవారు మన ఊర పెక్కురు కలరు. కావున నేనొక ఈతగాని జీవితమును ఎన్నుకొంటిని. లెక్కలు వ్రాయువాడు పేర్ల పట్టిక యొక్క బలము నెరిగినవాడు. ఒక మనుష్యుని పేరు పట్టికలో వ్రాయుటయు, దానిని కొట్టివేయుటయు ఎంతటి పని చేయునో ఈ జీవితము తెలిపినట్లు మరియొకటి నాకు తెలుపలేదు.

ఆఫ్రికా ఖండమునకు ఉత్తరపుటంచున ఆల్జీరియా దేశము కలదు. అది 1830 మొదలుకొని 1962 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. ఆ దేశమున కాన్‌స్టంటీను అను ప్రాచీననగరము ఎత్తైన కొండబండపై కట్టబడియున్నది. ఊరిచుట్టును ఏరు కోసిన లోతైన లోయ. ఆ లోయను దాటుటకు వంతెనలు. అట్టి ఊర 1915వ సంవత్సరము నవంబరు 18వ తేదీన ఒక యూదుల యింట ఆల్ఫ్రెడ్ నకాషు జన్మించెను. ఆ యింట పిల్లలు పెక్కుమంది. ఆల్జీరియాలోని యూదులకు ఫ్రెంచి ప్రభుత్వము 1870లో ఒక శాసనము ద్వారా పౌరసత్వము నిచ్చియుండెను. కావున నకాషు పుట్టుకతోడనే ఫ్రాన్సు పౌరుడు. అతని తండ్రియు ఆ దేశపు పౌరుడే. ఈ సంగతిని చదువరులు మనసునందుంచుకొనవలెను; ముందు దీనితో పని యున్నది.

ప్రపంచమున మేటియైన యీతగాడు కాబోవు ఆ బాలునకు చిన్ననాడు నీళ్లన్న భయము. ఇది వినుటకు వింతగా నుండవచ్చును గాని, మన ఊరి చెరువులో జీలుగు బెండ్లు నడుమునకు కట్టుకొని వణకుచు దిగిన పిల్లలే తరువాత గట్టుమీదినుండి దుమికి అడుగున మన్ను తెచ్చుట మనమెరుగనిది కాదు. భయపడినవాడు నేర్చిన విద్య గట్టిగా నిలుచును. నకాషు భయమును జయించి ఊరి కొలనులో ఈత నేర్చి, పదునారు పదునేడేండ్ల ప్రాయమునకే తన సీమలోని ఈతగాండ్రలో ముందునకు వచ్చెను. పెద్దచదువులకును, పెద్దపోటీలకును రాజధానియే తగిన చోటని తలచి, 1933లో ప్యారిసు నగరమునకు పోయెను.

అతడు ప్యారిసులో చదువుచునే ఈత సాధనము చేసెను. కొలనులో బారలు వేయుచు ఈదుటలో అతని భుజబలము చూచువారికి ఆశ్చర్యము కలిగించెడిది. సొగసుకంటె శక్తి యెక్కువయైన ఈత యది. 1935లో నూరు మీటర్ల పోటీలో ఫ్రాన్సు దేశమున కెల్ల ప్రథముడయ్యెను. ఆ సంవత్సరముననే టెల్ అవీవు నగరమున యూదు యువకుల కొరకు జరిగిన మకాబియా క్రీడలలో పాల్గొని అదే దూరమున రెండవస్థానపు పతకమును గెలుచుకొనెను. మరుసటి సంవత్సరము ఒలింపిక్ క్రీడలు రానుండెను. అవి జరుగు చోటు బెర్లిను.

జర్మనీ దేశమున హిట్లరు 1933లో అధికారమునకు వచ్చిన పిదప యూదులను ఉద్యోగములనుండి తొలగించిరి. 1935లో చట్టముచేసి వారి పౌరసత్వమును హరించిరి. ఈతకొలనులకు సయితము రానీయకుండిరి. అట్టి నగరమున 1936 ఆగస్టులో ఇరువదియేండ్ల యూదుయువకుడు ఫ్రాన్సు జట్టులో నొకడుగా కొలనులోనికి దుమికెను. నలుగురు ఒకరి తరువాత నొకరు ఇన్నూరేసి మీటర్లు ఈదవలసిన పందెమది. జాన్ తారి మొదలగు తోడివారితో గూడి నకాషు ఈదగా, జపాను, అమెరికా, హంగరీ జట్ల తరువాత ఫ్రాన్సు నాలుగవస్థానమున నిలిచెను. ఐదవస్థానము జర్మనీది. నాలుగవవానికి పతకము లేదు. అయినను, ఏ జాతివారు తక్కువవారని ఆ నగరమున గోడగోడను వ్రాయుచుండిరో, ఆ జాతివాడొకడు ఆతిథేయుల జట్టునకు ముందుగా గట్టు చేరిన జట్టులో నుండెనని లెక్క వ్రాయవలసినదే.

నకాషు వ్యాయామోపాధ్యాయుడు కావలెనని చదివి, ఆ వృత్తిని సంపాదించెను. 1937లో పోల్ అను యువతిని వివాహమాడెను. ఆమెయు ఆల్జీరియా యూదుల యింటి బిడ్డయే. ఈతలోను, వ్యాయామవిద్యలోను భర్తకు సాటియైనది. ఇంతలో అతడు క్రొత్తరకపు ఈత నభ్యసించెను. రొమ్ము నీటిపై నుంచి, చేతులను ముందునకు చాచి వెనుకకు త్రోసి, కాళ్లను కప్పవలె ముడిచి తన్నుచు పోవు ఈత మనకు తెలిసినదే. ఆ కాలమున కొందరు చేతులను నీటిక్రిందనే ముందునకు తేక, రెండింటిని ఒక్కసారిగా నీటిపైకెత్తి, పక్షి రెక్కలవలె ముందునకు విసరి ఈదుట మొదలుపెట్టిరి. దానినే సీతాకోకచిలుక యీత, అనగా బటర్‌ఫ్లై అందురు. అది 1952 వరకు ప్రత్యేకపు పోటీగా ఏర్పడక, పాత ఈతలోని భాగముగానే లెక్కింపబడుచుండెను. భుజములయందు గొప్పబలమున్నగాని ఇన్నూరు మీటర్లు అట్లీదుట దుస్సాధ్యము. నకాషునకు ఆ బలము కలదు.

1939లో యుద్ధము వచ్చెను. 1940 జూను నెలలో జర్మను సేనలు ప్యారిసును పట్టుకొనెను. ఫ్రాన్సు రెండు ముక్కలాయెను. ఉత్తరభాగము శత్రువుల చేతిలో నుండ, దక్షిణభాగమున విషీ అను పట్టణమున నొక ప్రభుత్వ మేర్పడెను. పేరునకు ఫ్రెంచిప్రభుత్వమే గాని, యూదుల విషయమున అది శత్రువులు చెప్పకమునుపే శత్రువుల పని చేసెను. 1940 అక్టోబరు 3వ తేదీన యూదులు ఉపాధ్యాయులుగాను, సర్కారు ఉద్యోగులుగాను ఉండరాదని చట్టము చేసెను. నాలుగుదినములు గడువకముందే, అక్టోబరు 7వ తేదీన, ఆల్జీరియా యూదులకు డెబ్బదియేండ్లనుండి యున్న పౌరసత్వమును రద్దుచేసెను. ఏ నేరమును లేదు, ఏ విచారణయు లేదు. ఒక కాగితముపై చేసిన సంతకముతో లక్షకు పైబడిన మనుష్యులు తాము పుట్టిన దేశమున పరాయివారైరి. నకాషు బడి పోయెను, పౌరసత్వము పోయెను.

అతడు భార్యతో ప్యారిసు విడిచి, దక్షిణభాగమునందలి తులూజు నగరమునకు చేరెను. ఏ దిక్కునకు పోవలెనో తోచక పరుగెత్తువాడు కాందిశీకుడని పెద్దలు ఆ పదమునకు అర్థము చెప్పుదురు. సామాన్యముగా కాందిశీకుడనగా ఒక దేశము విడిచి మరియొక దేశమునకు పోవువాడని తలంతుము. నకాషు దేశము విడువలేదు. దేశమే అతనిని విడిచినది. తులూజులో నొక ఈతసంఘమువారు అతనిని తమవానిగా చేర్చుకొనిరి. ఆ సంఘపు శిక్షకుడు ఆల్బాన్ మెన్వీల్ పేరుగాంచినవాడు. బ్రతుకుదెరువునకై నకాషు ఒక వ్యాయామశాలను నడిపెను.

ఇట్టి దినములలో, 1941 జూలై 6వ తేదీన, మార్సేయి నగరపు కొలనులో నకాషు తన క్రొత్తయీతతో ఇన్నూరు మీటర్లను 2 నిమిషముల 36.8 సెకండ్లలో ఈదెను. అంతకుముందు అమెరికా ఈతగాడు జాక్ కాస్లీ 1936లో నెలకొల్పిన 2 నిమిషముల 37.2 సెకండ్ల ప్రపంచపు రికార్డు దీనితో పోయెను. భేదము సెకనులో పదింట నాలుగు పాళ్లు; కన్నుమూసి తెరచునంత. అంతమాత్రముచేత ప్రపంచములోని యీతగాండ్రందరికంటె అతడు ముందు నిలిచెను. ఇందలి వింతను గమనింపుడు. ఆనాడు అతనికి ఏ దేశపు పౌరసత్వమును లేదు. అతని పేరు కొట్టివేసిన దేశమే ఆ రికార్డును తన కీర్తిగా లెక్కించుకొనెను. బడిలో పిల్లలకు పాఠము చెప్పుటకు పనికిరానివాడు దేశమునకు కీర్తి తెచ్చుటకు మాత్రము పనికివచ్చెను. ఆ సంవత్సరమే ఆగస్టులో అతనికొక కూతురు పుట్టెను. ఆమెకు ఆనీ అని పేరు పెట్టిరి.

తరువాతి కాలము చీకటిమీద చీకటిగా వచ్చెను. 1942 జూలై 16, 17 తేదీలలో ప్యారిసులో ఫ్రెంచి పోలీసులే యిల్లిల్లు తిరిగి పదమూడువేలమంది యూదులను పట్టుకొనిరి. అందు నాలుగువేలకు పైగా పిల్లలు. పిల్లలున్న కుటుంబములను సైకిలు పందెములు జరుగు ఒక క్రీడాశాలలో కుక్కిరి. జనులు కేరింతలు కొట్టిన చోట పిల్లలు నీటికై యేడ్చిరి. ఆ నవంబరులో జర్మను సేనలు దక్షిణభాగమునందును ప్రవేశించెను. ఇక తులూజును భద్రము కాదాయెను. అయినను నకాషు పారిపోలేదు. పోటీలలో ఈదుచు బిరుదములను గెలుచుచునే యుండెను. శత్రువుల నెదిరించుటకు రహస్యముగా ఏర్పడిన యూదు యువకులు అతని వ్యాయామశాలకు వచ్చి దేహములను గట్టిచేసికొనుచుండిరి. అతడు వారికి శిక్షణ మిచ్చెను.

1943 ఆగస్టులో దేశపు ఈతపోటీలు తులూజులోనే జరుగనుండెను. అధికారులు నకాషును పాల్గొనరాదని నిషేధించిరి. అతని సంఘమునకు చెందిన యీతగాండ్రును, మరికొందరును, అతడు లేని పోటీలో తామును ఈదమని తప్పుకొనిరి. వారు అధికారము లేని కుర్రవాండ్రు. ఏండ్లతరబడి సాధనము చేసి ఆ దినము కొరకు ఎదురుచూచినవారు. ఆ తప్పుకొనుటవలన నకాషునకు అనుమతి రాలేదు. అయినను, పట్టికలోనుండి ఒకని పేరు కొట్టివేసినప్పుడు తమ పేరును తామే కొట్టివేసికొన్నవారు ఆ దేశమున కొందరు గలరని చరిత్ర వ్రాసికొనెను.

1943 డిసెంబరులో జర్మను రహస్యపోలీసులు నకాషును, అతని భార్యను, బిడ్డను పట్టుకొనిరి. ఎవరో చాడి చెప్పి పట్టించిరని ఆనాటినుండి చెప్పుకొందురు. ఒక పాత పోటీదారుని పేరు కూడ వినవచ్చును. గాని అది రుజువు కాలేదు. రసీదు లేని పద్దును నేను చిట్టాలో వ్రాయువాడను కాను గనుక ఆ పేరు నిచట వ్రాయలేదు. ముగ్గురిని ప్యారిసు దగ్గరనున్న డ్రాన్సీ అను నిర్బంధశిబిరమునకు చేర్చి, 1944 జనవరి 20వ తేదీన వెయ్యికి పైబడిన మనుష్యులతోపాటు సరకుల రైలుపెట్టెలలో నెక్కించిరి. ఆ రైలు పోయిన చోటు పోలండు దేశమందలి ఆష్విట్జు.

ఆష్విట్జులో నాజీలు సుమారు పదునొకండు లక్షలమందిని చంపిరి. ఫ్రాన్సునుండి పంపబడిన యూదులు 76,000 మంది. అందు తిరిగి వచ్చినవారు నూటికి ఇంచుమించు ముగ్గురు మాత్రమే. రైలు దిగినచోటనే మనుష్యులను రెండు వరుసలుగా విడదీయుదురు. పనికి వచ్చువారొకప్రక్క, తక్కినవారు మరియొకప్రక్క. చంటిబిడ్డలున్న తల్లులకు బ్రతుకు వరుసలో చోటులేదు. పోలును, రెండేండ్లు నిండి మూడవయేట నడుచుచున్న ఆనీయు ఒకప్రక్కకు నడిపింపబడిరి. వారినాదినమే విషవాయువుతో చంపిరి. నకాషునకు ఆ సంగతి తెలియదు. వేరొక శిబిరమున ఎక్కడనో యున్నారని తలచుచు, ఆ తలపుతోనే ప్రాణము నిలుపుకొనెను. అతని ముంజేతిపై 172763 అను అంకె పొడిచిరి. అటుపిమ్మట అతడు పేరులేనివాడు, అంకె మాత్రమే.

అతనిని మోనోవిట్జు అను భాగమున నుంచిరి. అచట కృత్రిమపు రబ్బరు చేయు కర్మాగారమును కట్టుటకు బందీలను చచ్చునంతవరకు పనిచేయించుచుండిరి. నకాషునకు రోగులశాలలో పని దొరకెను. బందీలైన వైద్యులక్రింద రోగులకు సేవ చేయుచు, తనకు చేతనైనంత తోడివారికి మేలు చేసెను. అతడెవరో కావలిభటులకు తెలిసెను. వారికది వినోదమాయెను. మంట లార్పుటకు నిలువచేసిన నీటితొట్టిలోనికి తాళపుచెవుల వంటి వస్తువులను విసరి, అడుగుకు మునిగి వానిని నోట కరచి తెమ్మని ఆజ్ఞాపించెడివారు. ప్రపంచమున ప్రథముడైన ఈతగాడు కుక్కవలె ఆ నీట మునిగి తేలవలసి వచ్చెను. చలికాలమున ఆ నీరు మంచుగడ్డతో సమానము. హిరణ్యకశిపుని భటులు ప్రహ్లాదుని సముద్రమున త్రోసిన కథ మనమందరము భాగవతమున చదివియున్నాము. అక్కడ బాలుని రక్షించుటకు శ్రీహరి యుండెను. ఇక్కడ ఈ మనుష్యునకు తాను నేర్చిన విద్య తప్ప దిక్కులేదు.

అయితే ఆ నీటికి మరియొక కథ కూడ కలదు. 1944 వేసవిలో, భటులు కనుమరుగైన వేళ చూచి, నకాషు ఆ తొట్టిలోనికే తన యిష్టముతో దిగెను. నోవా క్లీగర్ అను యువకుడు, అతడును ఫ్రాన్సున పుట్టిన యూదుడు, అతనితో కలిసి ఈదెను. తోడిబందీలు కావలి కాసిరి. పట్టుబడినచో శిక్ష మరణమే. నాలుగు బారలు వేసి ఒడ్డు చేరునంత చిన్నతొట్టి యది. అందువలన అన్నము దొరకదు, విడుదల రాదు. అయినను వారు దిగిరి. భటుల ఆజ్ఞచే అదే నీట మునుగుట దాస్యము. ఆజ్ఞ లేక తానై ఈదుట స్వాతంత్ర్యము. కొన్ని నిమిషములపాటు ఆ అంకె మరల ఆల్ఫ్రెడ్ నకాషు ఆయెను. క్లీగర్ ప్రాణములతో బయటపడి, పత్రికారచయితయై 2018 వరకు జీవించి, ఈ సంగతిని లోకమునకు చెప్పెను.

1945 జనవరిలో రష్యా సేనలు సమీపించుచుండగా నాజీలు బందీలను మంచులో కాలినడకను పడమటికి తోలుకొనిపోయిరి. నడువలేనివానిని దారిలోనే కాల్చిరి. ఒకప్పుడు ముష్టియుద్ధమున ప్రపంచవిజేతయైన ట్యునీషియా వీరుడు విక్టర్ పెరెజ్ ఆ నడకలోనే చంపబడెను. నకాషు బ్రతికి, జర్మనీలోని బుఖెన్‌వాల్డు శిబిరమునకు చేరెను. 1945 ఏప్రిలు 11వ తేదీన ఆ శిబిరమునకు విముక్తి కలిగెను. ఆనాటికి అతని దేహపు బరువు మునుపటిలో దాదాపు సగమునకు పడిపోయెను.

అతడు తులూజునకు తిరిగివచ్చుసరికి ఊరివారు నిశ్చేష్టులైరి. నకాషు చనిపోయెనన్న వార్త ముందే వచ్చియుండెను. 1944లో నగరమునకు విముక్తి కలిగిన తరువాత అచటి ఈతకొలనునకు అతని జ్ఞాపకార్థము అతని పేరే పెట్టిరి. బ్రతికియున్నప్పుడు పట్టికనుండి కొట్టివేయబడిన పేరు, చనిపోయెనని తలచినప్పుడు గోడపై చెక్కబడెను. ఆ గోడక్రింద ఆ పేరుగలవాడే వచ్చి నిలిచెను. గాని అతని కన్నులు గోడవైపు లేవు. శిబిరములనుండి మనుష్యులను తెచ్చు రైళ్లు వచ్చునప్పుడెల్ల అతడు స్టేషనునకు పోయి పోలు కొరకును, ఆనీ కొరకును చూచుచుండెను. ఏ రైలునుండియు వారు దిగలేదు. మన హరిశ్చంద్రుడు రాజ్యము పోగొట్టుకొని, ఆలుబిడ్డల నమ్ముకొని, కాటికాపరియై నిలిచెను. కథ చివర అతనికి చంద్రమతియు, లోహితాస్యుడును దక్కిరి. కథలు వ్రాసిన మన పెద్దలు కరుణ గలవారు. చరిత్రకు ఆ కరుణ లేదు.

అట్టివాడు మరల నీటిలోనికి దిగునని ఎవరనుకొందురు? మెన్వీలును, సంఘములోని మిత్రులును అతనిని చేయిపట్టి కొలనునకు తెచ్చిరి. ఎముకలపై మెల్లమెల్లగా కండ పట్టెను. 1946లో అతడు మరల ఫ్రాన్సు దేశమున ప్రథముడయ్యెను. ఆ ఏడే జార్జి వలెరే, ఆలెక్స్ జానీ అను యువకులతో కలిసి, ముగ్గురును మూడు రకముల యీతలు ఈదు పందెమున ప్రపంచపు రికార్డును నెలకొల్పెను. వలెరే వెల్లకిల యీత ఈదెను. నకాషు తన రెక్కల యీత ఈదెను. జానీ బారలు వేసెను. నాలుగేండ్ల పౌరసత్వనాశము, పదునైదు మాసముల నరకము గడిచిన దేహమది.

1948లో ఒలింపిక్ క్రీడలు లండనులో జరిగెను. యుద్ధమువలన 1940లోను, 1944లోను అవి జరుగలేదు. బెర్లినులో ఇరువదియేండ్ల యువకుడుగా ఈదినవాడు, లండనులో ముప్పదిరెండేండ్లవాడుగా ఫ్రాన్సు పక్షమున తిరిగి దుమికెను. పౌరసత్వము మరల చేతికి వచ్చియుండెను. ఇన్నూరు మీటర్ల పోటీలో చివరిపోటీకి ముందటి మెట్టు వరకు వచ్చి నిలిచిపోయెను. ఆ పోటీలో గెలిచినవాడు అమెరికా ఈతగాడు జో వర్డర్. నకాషు 1941లో నెలకొల్పిన రికార్డును 1946లో దాటినవాడు అతడే. లండనులో అతని గెలుపుకాలము 2 నిమిషముల 39.3 సెకండ్లు. నకాషు ఏడేండ్లకు పూర్వము ఈదిన కాలము దీనికంటె తక్కువ. కొలనుల పొడవును బట్టి కాలము మారును గనుక రెంటిని సరిగా తూచలేము. అయినను యుద్ధము దొంగిలించిన ఆ రెండు ఒలింపిక్ క్రీడలలో అతనికేమి రావలసియుండెనో చదువరులే ఊహింపుడు. ఆ బాకీని తీర్చువారు లేరు.

పోటీలు విడిచిన పిదప నకాషు తన మొదటి వృత్తికే మరలెను. పిల్లలకు వ్యాయామము నేర్పెను. హిందూమహాసముద్రమున ఫ్రెంచివారి పాలనలోనున్న రీయూనియన్ దీవియందును కొంతకాలము ఉపాధ్యాయుడుగా నుండెను. మరల వివాహమాడి, మధ్యధరా సముద్రపుటొడ్డున సెట్ అను పట్టణమున కాపురముండెను. వార్ధక్యమునందును ఈత మానలేదు. 1983 ఆగస్టు 4వ తేదీన, స్పెయిను సరిహద్దునకు దగ్గరనున్న సెర్బేరు రేవులో, ప్రతిదినము వలెనే ఈదుచుండగా గుండె ఆగి మరణించెను. అప్పటికి అతనికి అరువదియేడేండ్లు. చిన్ననాడు నీటికి భయపడినవాడు నీటియందే ప్రాణము విడిచెను. సెట్ పట్టణపు శ్మశానములోని అతని సమాధిపై అతని పేరుతోపాటు పోలు పేరును, ఆనీ పేరును చెక్కబడినవి. ఆ తల్లీబిడ్డలకు వేరే సమాధి ఎక్కడను లేదు. 2019లో అంతర్జాతీయ ఈతవీరుల గౌరవపట్టికలో నకాషు పేరు చేర్చిరి.

ఈ జీవితమును నేనేల వ్రాసితినో చెప్పి ముగించెదను. నా ఉద్యోగపు తొలినాళ్లలో నొక తుఫాను తరువాత సహాయపు పట్టిక వ్రాయు పని నాపై పడెను. కాలువగట్టున గుడిసె వేసికొన్న యొక కుటుంబము వేరొక సీమనుండి తరలివచ్చినవారు. వారియొద్ద చూపుటకు చీటీ లేదు. నిబంధన ప్రకారము నేను వారి పేరు వదలివేసితిని. మరునాడు ఆ యింటియాయన మా అరుగుకడ నిలిచి, ఏమియు అడుగక, కొంతసేపు నన్ను చూచి వెడలిపోయెను. ఆ రాత్రి నాకు నిదుర రాలేదు. అనుబంధపు పట్టికలో వారి పేరు వ్రాసి పంపితిని గాని, బియ్యము వచ్చుసరికి ఆ గుడిసె ఖాళీగా నుండెను. ఎటు పోయిరో ఎవరును చెప్పలేకపోయిరి. నేను చేసినది ఆ దొరతనములు చేసిన ఘోరముతో పోల్చదగినది కాదని తెలియును. అయినను పేరు కొట్టివేయు కలము ఎంత తేలికగా కదలునో ఆనాడు నా చేతికే తెలిసెను.

2016లో బ్రెజిలు దేశమునందలి ఒలింపిక్ క్రీడలలో మొట్టమొదటిసారిగా కాందిశీకుల కొక ప్రత్యేకపు జట్టును ఏర్పరచిరి. ఆ జట్టున పదిమంది. అందు ఇద్దరు సిరియా దేశపు యీతగాండ్రు. ఒకరు యుస్రా మార్దినీ అను బాలిక. అంతకు ముందుటేడే సముద్రము దాటుచుండగా పడవ యంత్రమాగిపోవ, నీట దుమికి, పడవతోపాటు ఈది ఒడ్డు చేరినది. నకాషు కాలమున అట్టి జట్టు లేదు. లోకమునకు ఈపాటి బుద్ధి కలుగుటకు అన్ని సంవత్సరములు పట్టినది.

మన గ్రంథాలయపు చందాదారుల పుస్తకములో పేరును, తీసికొన్న గ్రంథమును వ్రాయు గడులు తప్ప, కులమునకు గాని, పుట్టిన ఊరికి గాని గడి లేదు. ఇరువదియైదేండ్ల క్రిందట ఆ పుస్తకమునకు గీతలు గీసిన పెద్దలకు నమస్కరించుచున్నాను. మన పిల్లలు చెరువున ఈత నేర్చుకొందురు గాక. పెద్దవారై ఏ పట్టికయైన వ్రాయవలసి వచ్చినప్పుడు, కలము కదలుటకు ముందు ఎదుట నిలిచిన మనుష్యుని ముఖమును చూతురు గాక. మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును కూడ జరుపుకొనును గాక.